మూగబోయిన కారు స్పీకరు: లోపం ఎక్కడుందో వెతికి పట్టుకునే పద్ధతి

కారులో పాట వింటుండగా ఒక తలుపు వైపు నుంచి శబ్దం ఆగిపోతే, స్పీకరు కాలిపోయిందని తేల్చేసి కొత్త జత కొనుక్కురావడం చాలామంది చేసే పని. కొత్తవి బిగించాక కూడా ఆ పక్క మూగగానే ఉండిపోయినప్పుడు గానీ వైర్ల సంగతి గుర్తుకు రాదు. స్టీరియోలో పుట్టిన సంకేతం స్పీకరు కోన్ దాకా, అంటే ఊగుతూ శబ్దం పుట్టించే గరాటు ఆకారపు రేకు దాకా, చేరడానికి చాలా మజిలీలు దాటాలి: స్టీరియో లోపలి యాంప్లిఫయర్ చిప్, స్టీరియో వెనక కనెక్టరు, డ్యాష్‌బోర్డు కింద నుంచి సాగే వైర్లు, కారు బాడీకీ తలుపుకూ నడుమ ఉండే రబ్బరు తొడుగు, తలుపు లోపలి కనెక్టరు, చిట్టచివర స్పీకరు. ఈ దారిలో ఎక్కడ తెగినా మనకు తెలిసేది నిశ్శబ్దం ఒక్కటే. అందువల్ల స్పీకరును అనుమానించే ముందు దాని దాకా సంకేతం చేరుతోందో లేదో తెలుసుకోవాలి. దారిని మధ్యకు తుంచి, లోపం ఇటువైపు ఉందా అటువైపు ఉందా అని ఒక్కో పరీక్షతో తేల్చుకుంటూ పోతే, కొలత ముందు వస్తుంది, కొనుగోలు తరవాత వస్తుంది. ఈ వ్యాసంలో ఆ పరీక్షలను చేయవలసిన వరసలోనే వివరిస్తాను.

సీటులో కూర్చుని చేసే పరీక్షలు

ఏ స్క్రూనూ విప్పకముందు స్టీరియో సెట్టింగులలో బ్యాలెన్స్, ఫేడర్ రెండూ సరిగ్గా మధ్యలో ఉన్నాయో లేదో చూడండి. బ్యాటరీ మార్చిన తరవాతో, పిల్లలు మీటలు నొక్కిన తరవాతో ఇవి ఒక పక్కకు జరిగిపోవడం వింతేమీ కాదు. తరవాత బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి, ఫేడర్‌ను పూర్తిగా ముందుకు, పూర్తిగా వెనక్కు జరుపుతూ నాలుగు మూలలనూ విడివిడిగా వినండి. నాలుగూ కలిసి మోగుతున్నప్పుడు బాగానే ఉన్నట్టు అనిపించే స్పీకరు ఒంటరిగా మోగినప్పుడు గరగరలాడుతూ దొరికిపోవచ్చు. ఏ మూల నుంచి శబ్దం రావడం లేదో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, ఎందుకంటే వైర్లు విప్పడం మొదలయ్యాక కుడి ఎడమలు తారుమారు కావడం చాలా తేలిక.

పాట వచ్చే మార్గాన్ని కూడా మార్చి చూడాలి. రేడియోలో రెండు పక్కలా శబ్దం వస్తూ, ఫోన్ నుంచి కేబులు ద్వారా వచ్చే పాట మాత్రం ఒక పక్కే వినిపిస్తే తప్పు స్పీకరుది కాదు, ఆ కేబులుది లేదా దాన్ని గుచ్చే రంధ్రానిది. కొన్ని స్టీరియోలలో వెనక స్పీకర్ల అవుట్‌పుట్‌ను మంద్రస్వరాలు మాత్రమే పలికే సబ్‌వూఫరు కోసం కేటాయించే సెట్టింగు ఉంటుంది. అది పొరపాటున మారితే వెనక తలుపుల నుంచి లోతైన మంద్రధ్వని తప్ప మరేమీ వినిపించదు.

శబ్దం ఎలా పోయిందన్నది కూడా లోపం జాడ చెబుతుంది. తలుపు తెరిచినప్పుడో, గట్టిగా మూసినప్పుడో, రోడ్డు మీద గుంత తగిలినప్పుడో శబ్దం పోయి వస్తుంటే వైరు తెగిందనో, కనెక్టరు వదులైందనో దాదాపుగా చెప్పవచ్చు. పెద్ద శబ్దంతో మోగుతూ మోగుతూ, కాలిన వాసనతో ఆగిపోయి మళ్లీ రాకపోతే స్పీకరు లోపలి తీగచుట్టను, అంటే వాయిస్ కాయిల్‌ను, అనుమానించాలి. శబ్దం వస్తోంది గానీ చిరిగిన కాగితంలా కొట్టుకుంటుంటే కోన్ అంచు చిరిగి ఉంటుంది. స్టీరియో తెర వెలుగుతూనే ఉండి నాలుగు స్పీకర్లూ ఒకేసారి మూగబోతే నాలుగూ కలిసికట్టుగా చెడిపోయాయని అనుకోవడం సబబు కాదు. ఆ సంగతి కింద విడిగా చెబుతాను. ఫ్యూజు గురించి కూడా ఒక మాట. ఒక్క స్పీకరు మాత్రమే ఆగిపోయినప్పుడు స్టీరియో ఫ్యూజును వెతకడం వృథా, ఎందుకంటే ఆ ఫ్యూజు పోతే స్టీరియో మొత్తం ఆరిపోతుంది.

కావలసిన పరికరాలు, తీసుకోవలసిన జాగ్రత్తలు

ఓమ్‌లను, ఏసీ, డీసీ వోల్టులను కొలిచే సాధారణ డిజిటల్ మల్టీమీటరు ఒకటి ఉంటే సగం పని అయినట్టే. దానితో పాటు స్క్రూడ్రైవర్లు, ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ ప్యానెళ్లు) ఊడదీసే ప్లాస్టిక్ పట్టీ, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒకటి, రెండు వైరు ముక్కలు, ఇన్సులేషన్ టేపు, చిన్న టార్చి చాలు. ఇనుప స్క్రూడ్రైవరుతో ప్యానెళ్లను పెకలిస్తే అంచులు నొక్కుకుపోతాయి గనుక ప్లాస్టిక్ పట్టీ విషయంలో సర్దుకుపోవద్దని నా సలహా.

ఏ కనెక్టరునైనా విప్పే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ మైనస్ టెర్మినల్‌ను విడదీసి, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పినంతసేపు ఆగండి. ఎయిర్‌బ్యాగు సర్క్యూటులో కొంతసేపు ఛార్జి నిలిచి ఉంటుంది కాబట్టి ఈ నిరీక్షణ అవసరం. పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు వేసిన వైర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులకు చెందినవి. వాటిని విప్పకూడదు, వాటి మీద మల్టీమీటరు పెట్టకూడదు. కొన్ని స్టీరియోలు కరెంటు పోయి వచ్చాక రహస్య కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ మీ దగ్గర ఉందని నిర్ధారించుకున్న తరవాతే బ్యాటరీ జోలికి వెళ్లండి.

మరో జాగ్రత్తకు కొంచెం వివరణ కావాలి, ఎందుకంటే దీన్ని తెలియక చేసే పొరపాటు స్టీరియోనే బలి తీసుకోగలదు. కారులో దీపాలకు, హారనుకు మైనస్ అంటే కారు బాడీయే. స్పీకర్లకు అలా కాదు. ఇప్పటి స్టీరియోలలో దాదాపు అన్నింటిలోనూ స్పీకరు ప్లస్, మైనస్ వైర్లు రెండూ యాంప్లిఫయర్ చిప్ నుంచే వస్తాయి. స్టీరియో పనిచేస్తున్నప్పుడు బాడీతో పోల్చి కొలిస్తే రెండింటి మీదా బ్యాటరీ వోల్టేజీలో ఇంచుమించు సగం, అంటే 6 వోల్టుల పైచిలుకు, ఉంటుంది. రెండింటి మీదా సమానంగా ఉంటుంది గనుక స్పీకరు గుండా డీసీ ప్రవహించదు. అదే, మైనస్ వైరే కదా అని దాన్ని బాడీకి కలిపినా, పరీక్షించేటప్పుడు వైరు కొస పొరపాటున ఇనుముకు తగిలినా, చిప్ తనను కాపాడుకోవడానికి అవుట్‌పుట్ ఆపేస్తుంది, లేదా కాలిపోతుంది. విప్పిన ప్రతి వైరు కొసకూ వెంటనే టేపు చుట్టే అలవాటు ఇక్కడ ఎంతో మేలు చేస్తుంది.

స్టీరియో వెనక నుంచి కొలవడం

ముందు తలుపు విప్పాలా, స్టీరియో విప్పాలా అన్నది కారును బట్టి ఉంటుంది. రెండూ ఒకే కష్టమైతే నేను స్టీరియో నుంచే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఒక్కచోట కూర్చుని నాలుగు స్పీకర్లనూ, వాటి వైర్లనూ కలిపి కొలవవచ్చు, పనిచేస్తున్న మూడింటితో నాలుగోదాన్ని పోల్చుకోవచ్చు. విడిగా కొనే స్టీరియోలలో వైర్ల రంగులకు ఒక వాడుక స్థిరపడింది: తెలుపు ముందు ఎడమ స్పీకరుకు, బూడిద రంగు ముందు కుడికి, ఆకుపచ్చ వెనక ఎడమకు, ఊదా వెనక కుడికి వెళతాయి, అదే రంగు మీద నల్ల చార ఉన్న వైరు దాని మైనస్. కారు తయారీలోనే వేసిన వైర్లకు ఈ రంగులు వర్తించవు, కంపెనీని బట్టి మారతాయి. ఎనిమిదేసి పిన్నులున్న రెండు దిమ్మెల ఐఎస్ఓ కనెక్టరు ఉంటే పని మరింత తేలిక: స్పీకర్ల దిమ్మెలో 1, 2 పిన్నులు వెనక కుడికి, 3, 4 ముందు కుడికి, 5, 6 ముందు ఎడమకు, 7, 8 వెనక ఎడమకు, బేసి సంఖ్యలు ప్లస్, సరి సంఖ్యలు మైనస్.

స్టీరియో నుంచి ఈ కనెక్టరును పూర్తిగా ఊడదీసి, మీటరును ఓమ్‌ల మీద తక్కువ శ్రేణిలో పెట్టండి. ముందుగా మీటరు రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను గుర్తుంచుకోండి. అది మీటరు వైర్ల సొంత నిరోధం, మామూలుగా 0.2 నుంచి 0.5 ఓమ్‌ల మధ్య ఉంటుంది, దాన్ని ప్రతి కొలత నుంచీ తీసివేయాలి. ఇప్పుడు ఒక్కో జతను కారు వైపు కొలవండి. 4 ఓమ్‌లని ముద్రించిన స్పీకరు మీటరు మీద 4 చూపించదు, 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తుంది. ముద్రించిన అంకె పాట మోగేటప్పుడు ఏసీకి ఎదురయ్యే అవరోధానిది, మీటరు కొలిచేది తీగచుట్ట డీసీ నిరోధాన్ని. కొన్ని ఖరీదైన అమరికలలో 2 ఓమ్‌ల స్పీకర్లు ఉంటాయి గనుక అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన కంగారు పడకుండా మిగతా మూడింటితో పోల్చి చూడండి.

మూడు జతలు 3.6 దరిదాపుల్లో చూపించి నాలుగోది అసలేమీ చూపించకపోతే, ఆ దారిలో ఎక్కడో తెగింది: వైరైనా కావచ్చు, కనెక్టరైనా కావచ్చు, వాయిస్ కాయిలైనా కావచ్చు. 0.5 కంటే తక్కువ చూపిస్తే ప్లస్, మైనస్ వైర్లు ఒకదానికొకటి తగులుతున్నాయి, లేదా కాయిల్ లోపల కరిగి కలిసిపోయింది. 15, 20 ఓమ్‌ల వంటి అంకె వస్తూ, అదీ నిలకడ లేకుండా ఊగుతుంటే ఎక్కడో చిలుము పట్టింది. నాలుగోది కూడా మిగతా వాటిలాగే 3.6 చూపిస్తే వైరు, కాయిల్ రెండూ విద్యుత్తుపరంగా బాగున్నట్టే, అనుమానం స్టీరియో వైపు మళ్లాలి. మీటరు కూత పెట్టే అమరికను ఈ పనికి వాడవద్దు. చాలా మీటర్లు 30, 40 ఓమ్‌లున్నా కూత పెట్టేస్తాయి, చిలుము పట్టిన చోటును అవి బయటపెట్టలేవు.

ఈ కొలత చూపించని లోపం ఒకటి ఉంది. తలుపులో మంద్రస్వరాలు పలికే వూఫరుతో పాటు పైన విడిగా, సన్నని శబ్దాలు పలికే ట్వీటరు ఉంటే, ట్వీటరుకు వరసలో ఒక కెపాసిటరు ఉంటుంది. కెపాసిటరు డీసీని ఆపేస్తుంది కాబట్టి మీటరుకు వూఫరు మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి సన్నని శబ్దాలు మాత్రమే పోయినప్పుడు 3.6 అంకెను చూసి అంతా బాగుందనుకోకూడదు. అలాగే, విప్పిన ట్వీటరును కెపాసిటరుతో సహా కొలిచి ఏమీ చూపించలేదని పారేయనూ కూడదు. కెపాసిటరుకు ఇవతల, ట్వీటరు కాళ్ల దగ్గర కొలవాలి.

ఆ తరవాత ప్రతి వైరుకూ, కారు బాడీలో రంగు లేని ఇనుప భాగానికీ మధ్య కొలవండి. ఎనిమిది వైర్లలో ఏదీ బాడీకి తగలకూడదు. నాలుగు స్పీకర్లూ ఒకేసారి మూగబోయిన కారులో మొదట చూడవలసింది ఇదే. ఒకే ఒక్క వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినా చాలా స్టీరియోలు రక్షణ కోసం నాలుగు చానెళ్లనూ, అంటే ఒక్కో స్పీకరుకు వెళ్లే అవుట్‌పుట్లన్నింటినీ, ఆపేస్తాయి. తగులుతున్న జతను గుర్తించి, దాన్ని పక్కన పెట్టి టేపు చుట్టి, మిగతా మూడింటిని కలిపితే వాటి శబ్దం తిరిగి వచ్చేస్తుంది. ఏ వైరూ బాడీకి తగలకపోయినా నాలుగూ మూగగానే ఉంటే, స్టీరియో ఎర్త్ వైరునూ, విడి యాంప్లిఫయర్ ఉంటే దాన్నీ చూడాలి.

మార్చి చూసే పరీక్ష

మీటరు లేనివారికి, ఉన్నా దాని మాట మీద పూర్తి నమ్మకం కుదరనివారికి, మార్పిడి పరీక్ష ఉంది. స్టీరియో వెనక పలికే చానెల్ వైర్లను మూగ స్పీకరుకు, మూగ చానెల్ వైర్లను పలికే స్పీకరుకు కలపండి, అయితే ప్రతి మార్పుకూ ముందు స్టీరియో ఆపాలి. శబ్దం లేని చోటు మారిపోతే, అంటే ఇంతకు ముందు మూగగా ఉన్న స్పీకరు ఇప్పుడు పలికి, పలికేది మూగబోతే, తప్పు స్టీరియో చానెల్‌ది. మూగ మూల అక్కడే ఉండిపోతే తప్పు వైరుది లేదా స్పీకరుది. ఒకసారి ఒక్క మార్పే చేయాలన్నది ఈ పరీక్షకు ప్రాణం. వైర్లనూ స్పీకర్లనూ ఒకేసారి మార్చేస్తే శబ్దం వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు, రేపు మళ్లీ ఆగినప్పుడు మొదటికి రావలసిందే.

తలుపు సందున రబ్బరు తొడుగు

వైరు తెగిందని తేలినప్పుడు నేను మొదట చూసే చోటు తలుపు కీళ్ల దగ్గర ఉండే ముడతల రబ్బరు తొడుగు. తలుపు తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అందులోని వైర్లు వంగుతాయి. డ్రైవరు తలుపు ఏళ్ల తరబడి రోజుకు ఎన్నోసార్లు తెరుచుకుంటుంది గనుక అక్కడి వైర్లకు మిగతా తలుపుల కంటే ఆయుష్షు తక్కువ. పై తొడుగు చెక్కుచెదరకుండా ఉండి, లోపలి రాగి పోగులు మాత్రమే తెగిపోవడం వల్ల కంటితో చూస్తే ఏమీ తెలియదు. కానీ ఒక తేలిక ఉపాయం ఉంది: రబ్బరు తొడుగును పక్కకు జరిపి ఒక్కో వైరును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. లోపల రాగి ఉన్న వైరు సాగదు. రాగి తెగిన చోట పై తొడుగు ఒక్కటే మిగిలి ఉంటుంది కాబట్టి వైరు రబ్బరులా సాగుతుంది. అదే తలుపులో అద్దం ఎత్తే మోటారో, తాళమో కూడా అప్పుడప్పుడు మొరాయిస్తుంటే ఇక అనుమానించనక్కర్లేదు, అన్ని వైర్లూ వెళ్లేది ఈ తొడుగులోంచే.

మీటరును స్టీరియో వెనక జతకు తగిలించి ఉంచి, మరొకరిని తలుపు నెమ్మదిగా తెరవమని, మూయమని చెప్పడం కూడా మంచి పరీక్ష. తలుపు ఒకానొక కోణానికి వచ్చినప్పుడల్లా అంకె మాయమైతే తెగిన చోటు దొరికినట్టే.

తెగిన వైరును ఆ వంపులోనే అతికించడం మాత్రం పనికిరాదు. టంకం పెట్టిన చోట వైరు బిరుసెక్కుతుంది, ఆ బిరుసు ముగిసే అంచు దగ్గర కొన్నాళ్లకు మళ్లీ విరుగుతుంది. వంగే భాగం మొత్తాన్ని తీసేసి, అంతే మందం ఉన్న సన్నపోగుల మెత్తని వైరును వేసి, ఒక అతుకు తలుపు బిగించి ఉన్న కారు బాడీ స్తంభం లోపల, మరో అతుకు తలుపు లోపల పడేలా చూసుకోవాలి. అతుకుల మీద టేపు కంటే, వేడి చేస్తే బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం నయం, ఎందుకంటే టేపు జిగురు ఎండకు కరిగి జారిపోతుంది. కొన్ని కార్లలో ఈ తొడుగు ఒక పెద్ద కనెక్టరులో ముగుస్తుంది; దాన్ని విప్పి పిన్నులు పచ్చగా చిలుము పట్టాయేమో చూసి, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేస్తే వైరు జోలికి వెళ్లకుండానే పని ముగియవచ్చు.

తలుపు ప్యానెల్ విప్పి స్పీకరును పరీక్షించడం

వైరులో లోపం దొరకకపోతే ప్యానెల్ విప్పాలి. స్క్రూలు సాధారణంగా లోపలి హ్యాండిల్ గిన్నె అడుగున, చేయి ఆనించే చోట చిన్న మూతల వెనక, అద్దం మూల త్రికోణపు ముక్క వెనక దాగి ఉంటాయి. ఒక్క స్క్రూ మిగిలినా ప్యానెల్ పగులుతుంది కాబట్టి, బలం ఉపయోగించవలసి వస్తోందంటే ఏదో స్క్రూ మిగిలిందని అర్థం చేసుకోండి. అంచుల క్లిప్పులను కింది మూల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటిగా ఊడదీసి, చివరగా ప్యానెల్‌ను అద్దం గాడి నుంచి పైకి ఎత్తాలి. ఎత్తగానే లాగేయవద్దు, అద్దం స్విచ్చుల వైర్లు, హ్యాండిల్ తాడు ఇంకా వెనక వేలాడుతుంటాయి. లోపల ప్లాస్టిక్ షీటు ఉంటే దాన్ని చింపకుండా జిగురు నుంచి విడదీసి, తిరిగి అంటించడం తప్పనిసరి. వాన నీరు కారు లోపలికి రాకుండా ఆపేది అదే, స్పీకరు వెనక తడి చేరకుండా చూసేదీ అదే.

స్పీకరు కనెక్టరు ఊడి వేలాడుతోందేమో ముందు చూడండి. అది బిగుతుగానే ఉంటే ఊడదీసి స్పీకరు కాళ్ల మీదే ఓమ్‌లు కొలవండి. ఇక్కడ 3.6 వచ్చి, స్టీరియో దగ్గర ఏమీ రాకపోతే మధ్యలోని వైరే దోషి. ఇక్కడ కూడా ఏమీ రాకపోతే స్పీకరులోనే తెగింది. పారేసే ముందు కాళ్ల నుంచి కోన్ దాకా గాలిలో వేలాడే రెండు అల్లిక తీగలను టార్చి వెలుగులో గమనించండి. కోన్‌తో పాటు ఎప్పుడూ ఊగే ఈ తీగలు కొస దగ్గర తెగి ఉంటే, నేర్పుతో పెట్టిన ఒక చుక్క టంకం స్పీకరుకు ప్రాణం పోస్తుంది.

పెన్సిల్ సెల్ పరీక్ష మీటరు కంటే వేగంగా తేలుస్తుంది. కనెక్టరు విడదీసి ఉన్న స్పీకరు ప్లస్ కాలికి సెల్ ప్లస్‌ను, మైనస్‌కు మైనస్‌ను అర సెకను తాకించండి. బాగున్న స్పీకరు 'టప్' మని పలుకుతుంది, కోన్ బయటి వైపు కదులుతుంది. లోపలికి కదిలితే మీరు ప్లస్ మైనస్‌లు తారుమారు చేశారన్న మాట, ఈ సంగతి తరవాత బిగించేటప్పుడు పనికొస్తుంది. స్పీకరు స్టీరియోకు కలిసి ఉండగా ఈ పరీక్ష చేయకూడదు. కారు బ్యాటరీతో అసలే చేయకూడదు: 1.5 వోల్టుల సెల్ కాయిల్‌లోకి 0.4 ఆంపియర్లు పంపితే, 12 వోల్టులు 3 ఆంపియర్లకు పైగా పంపుతాయి, అంటే కాయిల్‌లో 40 వాట్ల వేడి పుడుతుంది, బాగున్న స్పీకరు కూడా క్షణాలలో పోతుంది.

పలుకుతుంది గానీ గరగరలాడుతుందనే స్పీకరుకు వేళ్లతో చేసే పరీక్ష సరిపోతుంది. కోన్ మధ్య మూతకు చుట్టూ నాలుగు వేళ్లు సమంగా ఆనించి మెత్తగా లోపలికి నొక్కి వదలండి. ఒరిపిడి లేకుండా వెళ్లి తిరిగి రావాలి. ఇసుకలో గీసినట్టు చప్పుడు తగిలితే కాయిల్ వంకరపోయి అయస్కాంతానికి రాసుకుంటోంది, ఇక దానికి మరమ్మతు లేదు. అంచున ఉన్న నురగ చుట్టు పొడిపొడిగా రాలుతుంటే వయసు మీద పడిందని అర్థం. మంచి స్పీకరైతే చుట్టును మాత్రమే మార్చవచ్చు.

కాయిల్ ఎందుకు కాలుతుందో తెలిస్తే తరవాతిది నిలబడుతుంది. పెట్టె మీద 50 వాట్లు నాలుగు చానెళ్లకని రాసి ఉన్నా, స్టీరియో లోపలి చిప్‌కు అందేది బ్యాటరీ వోల్టేజీయే. ఇంజిను నడుస్తున్నప్పటి 14.4 వోల్టుల మీద 4 ఓమ్‌ల స్పీకరుకు వికృతి లేకుండా అందగల శక్తి లెక్క ప్రకారమే 26 వాట్లు దాటదు, ఆచరణలో 20 దరిదాపుల్లో ఉంటుంది. అంతకు మించి వాల్యూమ్ పెంచితే సంకేతం శిఖరాలు తెగి చదునవుతాయి, శబ్దం పెరగకుండానే కాయిల్‌లో వేడి పెరుగుతుంది. చెవికి గరుకుగా వినిపించే ఆ హద్దు దగ్గరే వాల్యూమ్‌ను కొంచెం తగ్గించడం స్పీకరుకు మీరు చేయగల అతి పెద్ద మేలు.

స్టీరియో చానెల్ చెడిపోయిందా?

వైరు, స్పీకరు రెండూ బాగున్నాయని తేలాక బ్యాటరీ కలిపి, స్టీరియో ఆన్ చేసి కొలవాలి. ఒక్క స్థిరమైన స్వరం ఉన్న ఆడియో ఫైలు, 60 లేదా 100 హెర్ట్జ్‌ది, తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. సాధారణ మీటర్లు ఈ పౌనఃపున్యాలను నమ్మకంగా కొలుస్తాయి, ఎక్కువ పౌనఃపున్యాలు వస్తే తడబడతాయి. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక్కో జత ప్లస్, మైనస్‌ల మధ్య కొలవండి. పనిచేసే చానెళ్లు 2 వోల్టులు చూపిస్తూ ఒకటి సున్నా దగ్గర ఉండిపోతే ఆ చానెల్ పోయింది. మీటరు మొన జారి రెండు వైర్లకు ఒకేసారి తగలకుండా చూసుకోండి.

దీని వెంటనే వాల్యూమ్ సున్నా చేసి, మీటరును డీసీకి మార్చి, అవే రెండు వైర్ల మధ్య కొలవడం నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట. అంకె సున్నాకు దగ్గరగా, కొద్ది పదుల మిల్లీవోల్టుల లోపు ఉండాలి. ఒక వోల్టో, అంతకు మించో నిలకడగా కనిపిస్తే చిప్ చెడిపోయి స్పీకరులోకి డీసీని తోస్తోంది. అలాంటి చానెల్‌కు కొత్త స్పీకరు కలిపితే అదీ కాలుతుంది, మళ్లీ కొన్నా కాలుతుంది. ఇలా తేలితే స్టీరియోను మరమ్మతు చేసేవారికి ఇవ్వడం లేదా మార్చడం తప్ప దారి లేదు.

డిక్కీలోనో సీటు కిందో విడి యాంప్లిఫయర్ ఉన్న కార్లలో ఇదే తర్కం మరో మజిలీకి వర్తిస్తుంది. స్టీరియో నుంచి సంకేతాన్ని తెచ్చే, యాంప్లిఫయర్ వెనక గుచ్చిన ఆర్‌సీఏ కేబుళ్లలో ఎడమను కుడికి, కుడిని ఎడమకు మార్చండి. మూగ పక్క మారితే లోపం కేబులులో లేదా స్టీరియోలో ఉంది. మారకపోతే యాంప్లిఫయర్‌లో లేదా దాని తరవాతి వైరులో ఉంది. రక్షణ దీపం ఎర్రగా వెలుగుతుంటే స్పీకరు వైర్లన్నీ ఊడదీసి చూడండి: దీపం ఆరితే వైర్లలో షార్టు, ఆరకపోతే యాంప్లిఫయరే. కంపెనీ బిగించిన డిజిటల్ యాంప్లిఫయర్లకు ఈ కేబుళ్లు ఉండకపోవచ్చు, వాటికి కంపెనీ పరీక్షా పరికరమే కావాలి.

కొత్త స్పీకరు బిగించేటప్పుడు

స్పీకరే పోయిందని రుజువైతేనే కొనండి. స్పీకరు అడ్డుకొలతతో పాటు లోతు కూడా కొలుచుకోవాలి; లోతు ఎక్కువైన స్పీకరు వెనక భాగం అద్దం కిందికి దిగినప్పుడు దానికి తగులుతుంది. ఓమ్‌లు పాతదానికి సమానంగా ఉండాలి. 4 ఓమ్‌ల చోట 2 ఓమ్‌లది పెడితే స్టీరియో చిప్ వేడెక్కి ఆగిపోతుంది, 2 ఓమ్‌ల చోట 4 ఓమ్‌లది పెడితే ఆ పక్క శబ్దం తగ్గిపోతుంది. ఒక్కటే పోయినా ఎడమ కుడి రెండూ కలిపి మార్చడం మంచిది, లేకపోతే రెండు పక్కల స్వరంలో తేడా చెవికి తెలుస్తూనే ఉంటుంది.

స్పీకరు కాళ్లలో సాధారణంగా వెడల్పుది ప్లస్, సన్ననిది మైనస్. తిరగేసి కలిపినా స్పీకరు మోగుతుంది గనుక పొరపాటు బయటపడదు, కానీ ఒక కోన్ బయటికి వస్తున్నప్పుడు రెండోది లోపలికి పోతుంది, రెండు పక్కల మంద్రస్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొత్త స్పీకర్లు వేశాక పాట పలచబడిందనిపిస్తే ముందు చూడవలసింది ఇదే.

ప్యానెల్ క్లిప్పులు నొక్కేముందు, ఇంతకు ముందు విడదీసిన స్విచ్చుల కనెక్టర్లన్నింటినీ తిరిగి కలిపి, బ్యాటరీ కలిపి, పాట పెట్టండి. అద్దాన్ని చివరి దాకా దించి, ఎత్తి, స్పీకరుకు గానీ వైరుకు గానీ తగలడం లేదని చూడండి. తలుపును పది పన్నెండు సార్లు తెరిచి మూయండి, ఒకసారి కొంచెం గట్టిగా. శబ్దం ఒక్క క్షణం కూడా తొణకకపోతే ప్లాస్టిక్ షీటు అంటించి, ప్యానెల్‌ను అద్దం గాడిలోకి దించి, క్లిప్పులను పై నుంచి కిందికి నొక్కుకుంటూ రండి.